కత్తి పట్టి పాడే కథ

గురజాల కొలువు, మాచర్ల పౌరుషం మనకు కోటల వల్ల తెలియలేదు. శాసనాల్లో దొరికేదీ తక్కువే. పల్నాటి రాజుల గురించి మనకు తెలిసినదాంట్లో ఎక్కువ భాగం పాట మోసుకొచ్చిందే.

ఆ రాజులు హైహయులు. కార్తవీర్యార్జునుడి సంతతిగా చెప్పుకున్నవాళ్లు. జబల్‌పూర్ దగ్గరి త్రిపురి నుంచి ఏలిన కలచురులూ ఇదే వంశం పేరు చెప్పుకున్నారు. ఉత్తరప్రదేశ్‌లో బలియా వైపున్న హైహోబంశ్ రాజపుత్రులదీ అదే మాట. అనుగురాజు ఉత్తరాది నుంచి వచ్చాడనీ, చందవోలు రాజైన వెలనాటి గొంకరాజు తన కూతురు మైలమను ఇచ్చి పల్నాడును అరణంగా రాసిచ్చాడనీ కథ చెబుతుంది. అనుగురాజు కొడుకులు గురజాల ఏలిన నలగామరాజు, మాచర్ల ఏలిన మలిదేవరాజుల మధ్య పుట్టిన దాయాదుల పోరు కారంపూడి దగ్గర నాగులేటి ఒడ్డున ముగిసింది. చరిత్రకారులు చెప్పే కాలం 1182 ప్రాంతం. సరిగ్గా ఆ రోజుల్లోనే ఉత్తరాదిన పృథ్వీరాజ చౌహాన్ మహోబా మీద దండెత్తాడు. ఆ యుద్ధం నుంచి పుట్టిన ఆల్హా, ఊదల్ అనే అన్నదమ్ముల కథను బుందేల్‌ఖండ్ పల్లెల్లో ఈనాటికీ వానాకాలంలో పాడుకుంటారు. ఒకే తరంలో జరిగిన రెండు యుద్ధాలకు రెండు భాషల్లో రెండు వీరగాథలు పుట్టడం నాకెప్పుడూ అబ్బురంగానే ఉంటుంది.

కథ రాజులది, గొంతు మాత్రం మాలపల్లెది. ఈ కథను తరతరాలుగా పాడుతున్నవాళ్లు వీర విద్యావంతులు. వాళ్లు పొట్టకూటి కోసం పరాయివాళ్ల గొప్పలు పొగిడే భట్రాజులు కారు. మలిదేవరాజు మంత్రి బ్రహ్మనాయుడు పెద్దకొడుకుగా చేరదీసిన కన్నమదాసు మాలవాడు, పల్నాటి సేనల్లో ముందుండి నడిచినవాడు. పాడేవాడు కన్నమదాసు దగ్గరికొచ్చేసరికి తన ఇంటి పెద్ద గురించే చెబుతున్నాడు. రాజస్థాన్‌లో రాఠోడ్ వీరుడు పాబూజీ కథను నాయక్ కులస్థులైన భోపాలు పటం కట్టి రాత్రంతా పాడతారు. పాబూజీ ప్రాణం విడిచిందీ పశువుల కోసమే. మన పల్నాటి కథలోని మందపోరు ఘట్టంలో పశువుల మంద కోసం పోరాడి లంకన్న ఒరిగాడు. రాజవంశాలు మాసిపోయినా వాటి కథల్ని ఊరి చివరి ఇళ్లవాళ్లు దాచారు. ఆ రుణం తీరేది కాదు.

ఇక పాటలోని పనితనం. ప్రధాన కథకుడు చేత కత్తి పడతాడు, పక్కన వంతలు నిలబడతారు. పంబజోడు దెబ్బ మీద దెబ్బ వేస్తుంటే తిత్తి శ్రుతి పడుతుంది. పాటకు ఆధారం ద్విపద. పాదానికి మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం. మూడో గణం మొదట యతి. రెండు పాదాలకొక జంట, ఎన్ని జంటలైనా పేర్చుకుంటూ పోవచ్చు. సీసపద్యానికున్నట్టు ఇక్కడితో ఆగాలన్న కట్టు లేదు. చివరి సూర్యగణం పొట్టిది కాబట్టి పాదం అక్కడ చప్పున తెగుతుంది, వంతలు అందుకోవడానికి సందు దొరుకుతుంది. గొంతుతో అల్లే చోట ప్రాస సడలినా ఎవరికీ పట్టదు, నడక తప్పితే మాత్రం జనానికి వెంటనే తెలిసిపోతుంది. కథ బిగిసిన చోట కథకుడు పాట ఆపి వచనంలోకి దిగుతాడు, మళ్లీ పంబ మోగగానే పాట ఎత్తుకుంటాడు. మలిదేవరాజు పక్షాన అలరాజు రాయబారానికి వెళ్లి చర్లగుడిపాడులో విషానికి బలైన ఘట్టం చూడండి. ఆ ఊరు ఇప్పటికీ గురజాల మండలంలోనే ఉంది. వినేవాడికి దారి తెలుసు, జరగబోయేదీ తెలుసు. కాబట్టి ఏం జరుగుతుందోనన్న ఉత్కంఠతో పని లేదు. అలరాజు భార్య పేరిందేవి నలగామరాజు కూతురు. చంపించిన పక్షం కన్నతండ్రిది, చనిపోయినవాడు కట్టుకున్నవాడు. ఆ ఆడబిడ్డ దుఃఖం దగ్గర పాటను ఎంతసేపు నిలపగలడన్న దాంట్లోనే కథకుడి సత్తా తేలుతుంది.

ఈ కథ అచ్చులోకీ వచ్చింది. శ్రీనాథుడిదిగా చెప్పే ద్విపద కావ్యాన్ని అక్కిరాజు ఉమాకాంతం 1911లో ప్రకటించారు. అలిసెట్టి గాలెయ్య పాడిన మౌఖిక గాథను అమెరికన్ పరిశోధకుడు జీన్ రోఘైర్ రికార్డు చేసి ఇంగ్లిషులోకి అనువదించగా 1982లో ఆక్స్‌ఫర్డ్ అచ్చువేసింది. రెండూ విలువైనవే. అయినా పుస్తకంలో చదివితే బ్రహ్మనాయుడి కొడుకు బాలచంద్రుడు ఒక పాత్ర, పంబ ముందు కూర్చుని వింటే దేవుడు. ఆ పాట దగ్గర పూనకాలు రావడం మామూలు.

అది తెలియాలంటే కార్తీక అమావాస్యకు కారంపూడి వెళ్లాలి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని వీరుల తిరునాళ్ల ఐదు రోజులు. యుద్ధకథలోని ఘట్టాలే తిథుల వారీగా పండుగ అయ్యాయి. ఊరూరి నుంచి వీరాచారవంతులు తమ ఇళ్లలో దాచిన వీరుల ఆయుధాల్ని, వాళ్ల మాటలో కొణతాల్ని, భుజాన వేసుకుని వస్తారు. నాగులేట్లో వాటికి స్నానం చేయించి పూజిస్తారు. మందపోరు నాడు చాపకూడు. బ్రహ్మనాయుడు కులాలన్నిటినీ ఒకే చాప మీద కూర్చోబెట్టి పెట్టించిన భోజనం అది. పల్నాటి యుద్ధం అనగానే సినిమాల పుణ్యమా అని కోడిపందెం, నలగామరాజు మంత్రి నాగమ్మ పంతం గుర్తుకొస్తాయి. నా మటుకు ఈ కథలో అన్నిటికన్నా పెద్ద సాహసం ఆ చాపే. బాలచంద్రుడి వెంట నడిచిన తమ్ముళ్లలో బ్రాహ్మణ అనపోతు ఉన్నాడు, చాకలి, మంగలి, కుమ్మరి ఇళ్ల కుర్రాళ్లూ ఉన్నారు.

ఈ పాట వయసు ఎంతని అడిగేవాళ్లకు వినుకొండ వల్లభరాయుడి పేర ఉన్న క్రీడాభిరామం ఒక సాక్ష్యం. శ్రీనాథుడి రచనే అని వాదించేవాళ్లూ ఉన్నారు. అందులో ఓరుగల్లు వీధిలో పల్నాటి వీరులకు లింగాలు నిలిపిన గుళ్లున్నాయి. అక్కడ వాద్యం వాయిస్తూ ద్రుత తాళంలో, ద్విపదలో వీరుల కథ పాడుతుంటే కుర్రాళ్లు కేకలు వేస్తూ ఊగిపోతారు. అంటే ఆరువందల ఏళ్ల కిందటికే పాట పల్నాడు దాటి ఓరుగల్లు చేరింది, దాని ఛందస్సు, తాళం, ఆవేశం స్థిరపడిపోయాయి. అక్కడ పాడుతున్నది ఒక ఆడది. ఇవాళ కారంపూడిలో కత్తి పట్టేది మగవాళ్లు. ఆ పాటగత్తె వారసురాళ్లు ఏమయ్యారో, ఏ ఇళ్లలో ఏ ఘట్టాలు ఇంకా ఆడవాళ్ల నోట మిగిలి ఉన్నాయో పల్నాటి పల్లెల్లో ఎవరైనా కూర్చుని అడిగి రాసుకోవాల్సి ఉంది.