చివరి గదికీ అదే చలి

మార్చి, ఏప్రిల్ నెలల్లో గుంటూరు మిర్చి యార్డు నుంచి తేజ, 334 రకాల మిర్చి టిక్కీలు (బస్తాలు) లారీలకెక్కి కోల్డ్ స్టోరేజీలకు చేరతాయి. బయట నలభై డిగ్రీల ఎండ. లోపల ఏడెనిమిది డిగ్రీలు దాటకూడదు, దాటితే కాయ ఎరుపు నెలనెలకూ పాలిపోతుంది. ధర కోసం ఆగిన రైతుకు ఆ రంగే ఆస్తి. దాన్ని కాపాడేది హోరుమనే కంప్రెషర్ అనుకుంటాం. నా దృష్టిలో అసలు పనితనం ఒక్కో గదికి వెళ్లే గొట్టం మీదున్న చిన్న చేతి వాల్వు దగ్గర ఉంది.

ద్రవ అమ్మోనియా ఆ వాల్వు సన్నటి సందు దాటగానే పీడనం పడిపోయి, కాయిల్‌లో మరిగి ఆవిరవుతూ గదిలోని వేడిని లాక్కుపోతుంది. మామూలు వాతావరణ పీడనంలో అది మైనస్ 33 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. మిరప గదికి అంత చలి అక్కర్లేదు కాబట్టి పీడనం ఇంకాస్త పైన ఉంచుతారు. ఒకే ప్లాంటు, గదులు మాత్రం నాలుగైదు. వాల్వులన్నీ ఒకేలా తెరిస్తే దగ్గరి కాయిల్‌కు అవసరానికి మించి అందుతుంది, చివరిది ఎండిపోతుంది. సాగర్ కుడి కాలువ మీద ఎగువ తూములన్నీ బార్లా తెరిస్తే చివరి ఆయకట్టు గతి ఏమవుతుందో ఇక్కడా అంతే.

ఆపరేటర్ ఈ లెక్కను మంచులో చదువుతాడు. కాయిల్ మొదటి నుంచి చివరి చుట్టు దాకా తెల్లగా ఉంటే సరిపోయినట్టు. చివరి చుట్లు బోడిగా ఉంటే గది ఆకలిగా ఉంది. మంచు కాయిల్ దాటి సక్షన్ గొట్టం వెంట కంప్రెషర్ దాకా పాకుతోందంటే ఆవిరి కాని ద్రవం వెనక్కి వస్తోందని అర్థం. అది సిలిండర్‌లో పడితే కంప్రెషర్ దడదడ కొట్టుకుంటుంది, లోపలి ప్లేట్లు విరుగుతాయి. అందుకని పావు చుట్టు తిప్పి ఆగుతాడు. ఒక గదికి తగ్గిస్తే మిగతావాటికి పెరుగుతుంది. వేల టిక్కీల రాశి ఆ మార్పు చూపడానికి గంటలు పడుతుంది. ఈలోగా మళ్లీ తిప్పితే ఏది దేనివల్ల జరిగిందో తేలదు. అంత ఓపిక పట్టడం నాకు చాలా గొప్పగా కనిపిస్తుంది.

గదుల మధ్య తేడా దూరంలోనే ఉంటే ఒకసారి సరిచేసి వదిలేయవచ్చు. కానీ నిన్న నింపిన గది ఎండ వేడిని మోసుకొచ్చింది, దానికి ఎక్కువ కావాలి. పాత సరుకున్న గదికి కొంచెం చాలు. సరుకు బయటికి తీసే రోజు తలుపులు తెరుచుకుంటాయి, లెక్క మళ్లీ మారుతుంది. కాయిల్ మీద మంచు మరీ దట్టంగా పేరుకుంటే వాల్వు ఎంత తెరిచినా చలి గదిలోకి దిగదు, ముందు ఆ మంచు కరిగించాలి.

ఇంగ్లండులో స్థిరపడ్డ మనవాళ్ల ఇళ్లలో గదులకు సమంగా పంచే ఈ పనే వేడినీళ్లతో జరుగుతుంది. బాయిలర్‌కు దూరంగా ఉన్న రేడియేటర్ వాల్వు పూర్తిగా తెరిచి, దగ్గరివాటిని బిగిస్తూ వస్తారు. నీళ్లు వెళ్లే పైపుకూ తిరిగొచ్చే పైపుకూ మధ్య వేడి తేడా అన్నిటికీ ఇంచుమించు సమానమయ్యే దాకా సవరిస్తారు. అక్కడ పైపుల్లో ఉన్నది నీళ్లు. ఇక్కడున్నది కళ్లు, ఊపిరితిత్తులు మండించే వాయువు. లీకైతే ప్రాణాపాయం. అందుకే గుంటూరు ఆపరేటర్ చేతికి నేను ఇంకొంచెం ఎక్కువ గౌరవమిస్తాను.

గది చలిని బట్టి అమ్మోనియాను ఆపి, వదిలే సోలినాయిడ్ వాల్వులు ఇప్పుడున్నాయి. వాటి తర్వాత చేతి వాల్వు అమర్చుతూనే ఉన్నారు. ఆపడం, వదలడం కరెంటు చూసుకుంటుంది. వదిలినప్పుడు ఎంత ధార వెళ్లాలో మాత్రం లాగ్ పుస్తకంలో గదివారీగా రాసుకున్న అంకెలు చూసుకుంటూ ఆపరేటరే నిర్ణయిస్తాడు.