పాత సిస్టమ్‌ను పారేయకండి, నెట్ తీసేయండి

ఈ వారం ఓ సావనీర్ పని మీద మా ఊరి ప్రెస్‌కు వెళ్లాను. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ ఆగిపోయింది కదా, ఏం చేశారని ఓనరుగారిని అడిగితే, "ఆగిందెక్కడండీ, పొద్దున ఆన్ చేస్తే చక్కగా వస్తోంది" అన్నారు. నాకు కోపం వచ్చింది. ఆ రోజుతో ఆగేది సిస్టమ్ కాదు, నెలనెలా వచ్చే భద్రతా ప్యాచ్‌లు. పైగా విండోస్ 11లో ఓ లొసుగును సరిచేసినప్పుడల్లా, అదే లొసుగు పాతదాంట్లోనూ ఉంటే, ఎక్కడుందో దొంగలకు ఆచూకీ దొరుకుతుంది.

2017 మే నెలలో వానాక్రై అనే రాన్సమ్‌వేర్ విరుచుకుపడినప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో పోలీసుల కంప్యూటర్లు కూడా చిక్కుకున్నాయి. దాన్ని ఆపే ప్యాచ్ మార్చిలోనే వచ్చింది. వేసుకోనివాళ్లు నష్టపోయారు. ఇప్పుడు విండోస్ 10కైతే, వేసుకుందామన్నా వ్యాపారాలకు ప్యాచ్ ఉచితంగా రాదు. వ్యాపార సంస్థలు సిస్టమ్‌కు మొదటి ఏడాది 61 డాలర్లు కట్టాలి, తర్వాత ఏటా రెట్టింపు. మూడేళ్లకు 427 డాలర్లు. అంత పోసేకన్నా కొత్తది కొనుక్కోవడమే నయం.

అదే చెప్పబోతుంటే మూలనున్న విండోస్ ఎక్స్‌పీ సిస్టమ్ కనబడింది. దాని సపోర్ట్ 2014లోనే పోయింది. అందులో పేజీలు కూర్చే పేజ్‌మేకర్ 7.0, 'అను' తెలుగు ఫాంట్లు. ఆపరేటరమ్మ కీబోర్డు వంక చూడకుండా మ్యాటర్ కొడుతోంది. అచ్చుగూట్లో సీసపు అక్షరాలు ఏరి పేర్చే కంపోజిటర్లను చూసినవాణ్ణి నేను. వాళ్ల తర్వాత మన ఊళ్లలో తెలుగు అచ్చును నిలబెట్టింది ఇలాంటి డీటీపీ సిస్టమ్‌లే. శుభలేఖలు, గుడి కరపత్రాలు, ఊరి కవుల సంపుటాలు అన్నీ అందులోనే ఉన్నాయి. ఆ మ్యాటర్ యూనికోడ్ కాదు. ఆ ఫాంటు లేని సిస్టమ్‌లో తెరిస్తే అర్థంకాని గుర్తులే వస్తాయి. పీడీఎఫ్ చేస్తే అక్షరం కనబడుతుంది కానీ, వెతికితే మాట దొరకదు. యూనికోడ్ గురించి ఈ కాలమ్‌లో నేను పోరేది ఇందుకే.

అందుకని పారేయమనే మాట నా నోట రాలేదు. జీఎస్‌టీ, బ్యాంకు, మెయిలు, వాట్సాప్ పనులన్నీ విండోస్ 11 ఉన్న కొత్త సిస్టమ్‌కు మార్చమన్నాను. ఎక్స్‌పీకి నెట్ కేబుల్ ఊడదీయించాను. కస్టమర్ల పెన్‌డ్రైవ్‌లు నేరుగా అందులో పెట్టొద్దన్నాను. హార్డ్‌డిస్క్ మొత్తానికి రెండు కాపీలు తీసి, ఒకటి ఇంట్లో దాచమన్నాను. ఇంకొన్నాళ్లు ఆ సిస్టమ్ అక్కడే ఉండాలి. ఫైళ్లన్నీ యూనికోడ్‌లోకి మారేదాకా దానికి సెలవు లేదు.

ఏ ఫోల్డర్‌లో ఏ పుస్తకం ఉందో ఆపరేటరమ్మకే తెలుసు. ఆమె చెబుతుంటే జాబితా మొదలుపెట్టాం. శుభలేఖలు తర్వాత చూసుకోవచ్చు, ముందు ఊరి రచయితల పుస్తకాలు.