ఒక్క ఇంటి టీకా చాలదు

పెరటి కోళ్ళ పెంపకం పెరటి నుంచి పెరటికి పాకిన విద్య. పెట్ట కింద ఎన్ని గుడ్లు పెట్టాలో, పిల్లలకు మొదటి వారం ఏం వెయ్యాలో, పేలు పడితే ఏం చెయ్యాలో కోడలు అత్త దగ్గర, అత్త పక్కింటామె దగ్గర నేర్చుకున్నవే. ఎనిమిదో పదో కోళ్ళున్న ఇంటికి పశువైద్యుడు రావడం అరుదు కాబట్టి సలహా గోడ మీదుగానే అందుతుంది. అందులో చాలా భాగం నికార్సైనది. కొంత మాత్రం కోళ్ళ ప్రాణాల మీదికి తెస్తుంది.

పొదిగించే పనిలో ఊరి అనుభవానికి తిరుగులేదు. గంపలో వరిగడ్డి పరిచి నాటు పెట్ట కింద పది, పన్నెండు గుడ్లకు మించి పెట్టరు. మించితే అంచున ఉన్న గుడ్లకు వెచ్చదనం అందదు. వారం పోయాక చీకట్లో టార్చిలైటు ఆనించి చూస్తే, జీవం పోసుకున్న గుడ్డులో ఎర్రటి నరాలు సాలెగూడులా పాకి ఉంటాయి. ఏ గీతా లేకుండా తేటగా వెలిగే గుడ్డును తీసేస్తారు. 21వ రోజుకు పిల్లలు దిగుతాయి.

పిల్లలకు నూకలు ఒక్కటే చాలవు, పురుగూ పుట్రా పడాలి. పాత కుండలో ఎండుపేడ, చితుకులు, గోనె ముక్క కుక్కి, నీళ్ళు చిలకరించి, సాయంత్రం చెదలున్న చోట బోర్లిస్తే తెల్లారేసరికి చెదలు పట్టి ఉంటాయి. కుండ దులపగానే పిల్లలు తల్లిని కూడా తోసుకుని ఎగబడతాయి. మాంసకృత్తుల కోసం పైసా ఖర్చు లేని ఇంత మంచి పద్ధతి మరుగున పడుతుండటం బాధాకరం. గుడ్లు పెట్టే పెట్టలకు నత్తగుల్లలు దంచి వెయ్యడమూ అలాంటిదే. తోలుగుడ్లు పడటం ఆగుతుంది.

పేలకు పొయ్యి బూడిదలో పొర్లనివ్వడం సరైన పనే. కానీ గూటి సందుల్లో దాగి రాత్రిళ్ళు రక్తం పీల్చే పిడుదులకు బూడిద చాలదు. గూడు ఖాళీ చేసి, సందులు పూడ్చి, సున్నం కొట్టి, పశువైద్యుణ్ణి అడిగి మందు చల్లాలి. బాగా తింటూనే చిక్కిపోయి రొమ్ము ఎముక చేతికి తగిలే కోడికి నట్టలున్నాయేమోనని అనుమానించాలి. నట్టల మందు ఎంత పోయాలన్నది కోడి బరువును బట్టి ఉంటుంది.

ఇవన్నీ కంటికి కనబడేవి. ఈ అనుభవమంతా ఓడిపోయేది కొక్కెర తెగులు దగ్గర. పుస్తకాల్లో దీన్ని రాణిఖేత్ వ్యాధి అంటారు. 1926లో ఇంగ్లండులోని న్యూకాజిల్‌లోనూ, జావాలోనూ గుర్తించిన ఈ వైరస్ రోగం కొద్దికాలానికే హిమాలయాల్లోని రాణిఖేత్‌లో కనబడింది. కోడి ఈకలు ఉబ్బించుకుని ఓ మూల కునుకుతుంది. మేత మానేస్తుంది. రెట్ట నీళ్ళగా, ఆకుపచ్చగా పడుతుంది. నోరు తెరిచి గురగురమంటూ ఊపిరి తీస్తుంది. బతికి బయటపడిన వాటిలో కొన్నింటికి మెడ మెలిపడిపోతుంది. గింజను పొడవబోతే ముక్కు పక్క నేలను తాకుతుంది. టీకా పడని మందలో జొరబడితే రోజుల్లో గూడు ఖాళీ అవుతుంది.

వచ్చాక దీన్ని నయం చేసే మందు లేదు. అయినా వెల్లుల్లి ముద్ద దగ్గర్నుంచి మనుషులు మింగే టెట్రాసైక్లిన్ మాత్రల దాకా అన్నీ పోస్తారు. ఆ మాత్ర వైరస్‌ను ఏమీ చెయ్యలేదు, పైగా దాని అవశేషం గుడ్డులోకి దిగి ఇంట్లో పిల్లల కంచంలోకి చేరుతుంది. ఫలానా పసరు పోస్తే కోడి బతికిందని చెప్పుకుంటారు. చచ్చిన మిగతా కోళ్ళకూ పోసింది ఆ పసరే.

కాపాడేది టీకా ఒక్కటే. 5 నుంచి 7 రోజుల వయసులో లసోటా చుక్క వేస్తారు. పిల్లను అరచేతిలో పట్టుకుని, తల పక్కకు తిప్పి, కంట్లో ఒక చుక్క వేసి, అది రెప్ప కొట్టి లోపలికి తీసుకునేదాకా ఆగాలి. చుక్క చెంప మీదికి జారితే వేయనట్టే. నాలుగైదు వారాలకు మళ్ళీ అదే చుక్క. 8 వారాలు నిండాక రెక్క దగ్గర చర్మం కింద ఆర్2బి సూది. ఇది ఘాటైన టీకా, చిన్న పిల్లలకు వేస్తే వాటికి అదే జబ్బు తెచ్చిపెడుతుంది. సీసా 2 నుంచి 8 డిగ్రీల చలిలో ఉండాలి. ఐసు వేసిన ఫ్లాస్కులో తేవాలి. ఎండలో జేబులో పెట్టుకు తెచ్చిన టీకా వేసి, తర్వాత టీకా పనిచెయ్యదని చెప్పడం అన్యాయం. కలిపాక రెండు గంటల్లో వాడెయ్యాలి.

అసలు చిక్కు సీసా దగ్గరే ఉంది. టీకా సీసాలు వంద డోసులవి, అంతకన్నా పెద్దవి. ఎనిమిది కోళ్ళున్న ఇల్లాలు అంత సీసా తెచ్చి ఏం చేసుకుంటుంది? అలా ఒక్కో ఇల్లూ ఊరుకుంటుంది. పన్నెండు ఇళ్ళు కలిస్తే అదే సీసా చక్కగా సరిపోతుంది. కలవాల్సిన కారణం డబ్బు ఒక్కటే కాదు. వాడకట్టులోని కోళ్ళన్నీ ఒకే పెంటకుప్ప కెలుకుతాయి, ఒకే కాలవలో తాగుతాయి. టీకా పడిన కోడి తాను జబ్బు పడకపోయినా వైరస్‌ను రెట్టలో వదలగలదు. పక్కింటి కోడికి రక్షణ లేకపోతే ఆ గూడు కూలుతుంది. టీకా సరిగా అందుకోని పిల్లలు సొంత గూట్లోనూ ఒకటో రెండో ఉంటాయి, వాటి మీదికి జబ్బు తిరిగొస్తుంది.

ఊరంతా ఖండించాల్సిన అలవాటు ఇంకొకటి ఉంది. మందలో రెండు కోళ్ళు కునకగానే మిగతావాటిని సంతలో అమ్మెయ్యడం, లేదా కోసుకుని ఈకలు, పేగులు వీధిలో పారెయ్యడం. నష్టం తగ్గించుకోవాలన్న పేదింటి ఆరాటం అర్థమవుతుంది. కానీ ఆ నష్టం మరో పేదింటికి చేరుతోంది. చచ్చిన కోడిని సున్నం వేసి లోతుగా పాతిపెట్టాలి. సంతలో కొన్న కోడిని రెండు మూడు వారాలు వేరుగా ఉంచాకే మందలో కలపాలి. ఉన్నట్టుండి కోళ్ళు గుంపుగా చస్తుంటే మాత్రం కొక్కెరేనని తేల్చుకోకూడదు. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల్లో బయటపడిన బర్డ్ ఫ్లూ కూడా అలాగే చంపుతుంది, అది మనుషులకూ సోకవచ్చు. అలాంటి కోడిని కొయ్యకుండా, ఒట్టి చేతుల్తో ముట్టకుండా పశువుల ఆసుపత్రికి కబురు పెట్టాలి.

సంక్రాంతికైనా, జాతరకైనా కోళ్ళు ఊళ్ళు మారతాయి, వాటితో జబ్బూ మారుతుంది. టీకా బలం అందుకోవడానికి రెండు వారాలైనా పడుతుంది. అందుకే పండగకు నెల ముందే వాడకట్టులో కోళ్ళెన్నో లెక్క రాసి ఆసుపత్రిలో ఇవ్వండి. ఒక సాయంత్రం, కోళ్ళు గూట్లో చేరాక, అన్ని ఇళ్ళకూ కలిపి టీకా వేయించండి.