ఆఁడుశిశువునకుఁ బురుషనామము: రుద్రదేవశబ్దవిచారము

ఆఁడుశిశువునకు మగపేరు పెట్టుట తగునా తగదా యను ప్రశ్నము భాగ్యనగరమునకుఁ దూర్పుననున్న దిల్‌సుఖ్‌నగరు, లాల్ బహదూర్ నగరు ప్రాంతములలో నామకరణమునకుఁ బిలువఁబడు పండితులకుఁ గ్రొత్తది గాదు. రుద్ర, చైతన్య, కిరణ్ మున్నగు పేళ్లను గొందఱు తలిదండ్రులు కూఁతుండ్ర కిడఁగోరుదురు. పెద్దలు కొంద ఱవి మగపేళ్లని నిరాకరింతురు. ఇరువాగులవారును దుదకుఁ బ్రమాణముగాఁ జూపునది రుద్రమదేవి చరిత్రమే. కాకతీయచక్రవర్తియే కూఁతునకు మగపేరు పెట్టెఁ గదా యని యొకరందురు. అది కూఁతురని లోకమునకుఁ దెలియకుండఁ బన్నిన యుపాయమే కాని యాచారము గాదని వేఱొకరందురు. ఈ రెండవ వాదమునకు 2015వ సంవత్సరమున వెలువడిన ‘రుద్రమదేవి’ చలనచిత్రము మిక్కిలి వ్యాప్తి గలిగించినది. శాసనములఁబట్టియు వ్యాకరణమునుబట్టియు నీ వాదముల బలాబలములను విచారింతము.

మొదట దాఁపఱికమను మాట. గుంటూరుమండలమునఁ గృష్ణాతీరముననున్న మల్కాపురశాసనము శకవర్షము 1183, అనఁగా క్రీస్తుశకము 1261నాఁటిది. శైవాచార్యుఁడగు విశ్వేశ్వరశంభునకు జరిగిన గ్రామదానమును దెలుపు నీ శాసనమున రుద్రదేవి గణపతిదేవుని కూఁతురని స్పష్టముగాఁ జెప్పఁబడినది. ఆమె పాలనకాలము 1262 మొదలు 1289 వఱకని చరిత్రకారులు సాధారణముగా నిర్ణయించుచున్నారు. కాఁబట్టి పాలనారంభముననే యామె కూఁతురన్నమాట ఱాతిమీఁదఁ జెక్కి బహిరంగముగా నిలుపఁబడినది. అందఱుఁ జదువునట్లు చెక్కినదానిని రహస్యమనుట యెట్లు పొసఁగును? చలనచిత్రములోని కల్పన రసపోషకము కావచ్చును. దానిని బాలురకుఁ జరిత్రమని బోధించుట మాత్రము తగదు.

మఱి ‘రుద్రదేవమహారాజు’ అను పుంలింగనామ మేల? దీనికి వంశక్రమము కొంత సమాధానము చెప్పును. 1163వ సంవత్సరమున హనుమకొండలోని వేయిస్తంభముల గుడిని నిర్మించిన రుద్రదేవుఁడు గణపతిదేవునకుఁ బెదతండ్రి. రుద్రమదేవి తరువాత రాజ్యమునకు వచ్చిన దౌహిత్రుఁడు ప్రతాపరుద్రుఁడు. ఈ వరుసలో రుద్రశబ్దము కేవల మొక వ్యక్తినామము గాదు, సింహాసనమునకుఁ జేరిన కులనామము. ప్రతాపరుద్రుని యాస్థానకవి విద్యానాథుఁడు ప్రతాపరుద్రీయాంతర్గతనాటకమున గణపతిదేవుఁడు కూఁతును గుమారునిగా భావించి యీ పేరిడెనని సూచించి యున్నాఁడు. అందు దాఁచినట్లు లేదు, నియమించినట్లున్నది. కుమారులు లేని తండ్రి కూఁతును బుత్రస్థానమున నిలిపి యామె సంతతిని వారసులనుగా గ్రహించు పుత్రికాధర్మము స్మృతులయందుఁ బ్రసిద్ధమే.

ఈ నియమమునకు స్త్రీబిరుదము చాలక పోవుటకుఁ గారణ మొకటి కలదు. ‘మహాదేవి’ యన్నను ‘రాణి’ యన్నను లోకమునకు ముందుగా స్ఫురించునది రాజుభార్య. మోటుపల్లినిగూర్చి వ్రాసిన మార్కోపోలో యను వెనీసు యాత్రికుఁడు ఈ దేశము నేలు స్త్రీని మృతుఁడైన రాజునకు భార్య యనియే తలంచెను. ఆమె కూఁతుఱికముచేత రాజ్యమునకు వచ్చినది గాని వైధవ్యముచేత వచ్చినది గాదు. ఆమె భర్త నిడుదవోలు చాళుక్యుఁడగు వీరభద్రుఁడు. అతఁ డోరుగంటి సింహాసన మెక్కలేదు. పరదేశి పడిన యీ భ్రమనే స్వదేశమున వారింపఁదగినది ‘మహారాజ’ శబ్దము. స్త్రీత్వమును మఱుఁగుపఱచుటకుఁ గాక, యధికారము భర్తృద్వారమున వచ్చినది కాదని చాటుట కా పుంలింగ ముపయోగపడినదని నా మతము.

ఇఁక శాస్త్రము. ఆశ్వలాయనగృహ్యసూత్రము పురుషులకు సరియక్షరముల పేళ్లను, స్త్రీలకు బేసియక్షరముల పేళ్లను విధించినది. మనుస్మృతి ద్వితీయాధ్యాయము స్త్రీనామము సుఖముగాఁ బలుకఁదగినదియు, క్రూరార్థము లేనిదియు, మంగళకరమును, దీర్ఘాంతమును గావలెనన్నది. రుద్ర రెండక్షరములు, రుద్రదేవ నాలుగు, రెండును సరి. రుద్రమ మూఁడు, రుద్రమదేవి యైదు, రెండును బేసి. లెక్క చక్కఁగా నమరినదని సంతోషింపఁబోవుదుము. కాని గణపతిదేవుని మఱియొక కూఁతురగు గణపాంబ పేరు నాలుగక్షరములు. కావున నా రాజగృహమున నీ నియమము కఠినముగా సాగినదని చెప్పరాదు. అయినను గణపాంబనామమే మఱియొక విషయమును దెలుపును. తండ్రిపేరిటి పుంలింగశబ్దమునకు ‘అంబ’ చేర్చి కూఁతున కిడుట యా కుటుంబమున నుండెను. ఆ మార్గమునఁ బోయిన రుద్రాంబ యని యూరకుండవచ్చును. అట్లూరకుండక ‘రుద్రదేవమహారాజు’ అని శాసనములఁ జెక్కించుట బుద్ధిపూర్వకమని దీనివలననే తేలుచున్నది.

తెనుఁగువ్యాకరణము మఱియు విశేషమును జూపును. సంస్కృతమున రుద్రశబ్దము స్వతస్సిద్ధముగాఁ బుంలింగము. తెనుఁగున ‘డు’ చేరిన రుద్రుఁడు, ‘అమ్మ’ చేరిన రుద్రమ్మ. లింగమును దెలుపునది మొదటి శబ్దము గాదు, దాని వెనుక వచ్చునది. వేంకటశబ్దమునుండి వేంకటయ్యయు వేంకటమ్మయు, యాదగిరినుండి యాదయ్యయు యాదమ్మయు నిట్లే పుట్టిరి. మఱియు 1858వ సంవత్సరపు బాలవ్యాకరణమునఁ జిన్నయసూరి చూపినట్లు స్త్రీవాచకము లేకవచనమున నమహత్తులతోను బహువచనమున మహత్తులతోను గూడి నడచును. ‘మహారాజులు దాన మిచ్చిరి’ అని గౌరవబహువచనముతో వ్రాసినచో క్రియయందు స్త్రీపురుషభేద మేమియు నగపడదు. స్త్రీ సింహాసన మెక్కుటకు మన వాక్యరచన యడ్డుపడలేదు, అడ్డుపడినది లోకభావనయే.

ఈ దృష్టితో నేఁటి పేళ్లను జూతము. ఇప్పటివారు ‘డు’, ‘అయ్య’, ‘అమ్మ’ అను మూఁటిని విడిచి ప్రాతిపదికమునే పేరుగా నిలుపుచున్నారు. కిరణశబ్దము సంస్కృతమునఁ బుంలింగము. తెనుఁగున ‘కిరణము’ అమహత్తు. చైతన్యము రెండుభాషలలోను జడవాచకమువలె నడచును. దిల్‌సుఖ్‌నగరున కానుకొని చైతన్యపురి యను పేట కలదు. ఆ పేరే యిరుగుపొరుగు నిండ్లలో నొకచోఁ గొడుకునకు, నొకచోఁ గూఁతునకుఁ జెల్లుచున్నది. మూఁడక్షరముల పేరు గాన గృహ్యసూత్రపు లెక్కను జూచినఁ గూఁతునకే తగును! తెలంగాణసాయుధపోరాటమునఁ బాల్గొన్న మల్లు స్వరాజ్యముగారి (1931–2022) పేరు క్లీబశబ్దము. అందువలన నామె గౌరవమునకు లోపము గలుగలేదు. కాఁబట్టి యీ పేళ్లను మగపేళ్లని నిరాకరించుటకు వ్యాకరణ మాధారము గాదు. 1969నాఁటి జననమరణనమోదుచట్టమును బేరులేకయే శిశుజననమును నమోదుచేయించి పేరును దరువాతఁ జేర్చుటకు వీలుకల్పించినది. అందును నామమునకు లింగనియమము లేదు.

అయినను విచారింపవలసినది శబ్దముకంటె సంకల్పము. కూఁతునకు రాజ్యార్హత కలదని చాటుటకు మగపేరిడుట వేఱు. కొడుకు పుట్టలేదన్న కొఱఁత తీర్చుకొనుటకు, లేక తరువాతి కాన్పున మగబిడ్డ కలుగవలెనని యిడుట వేఱు. మహారాష్ట్రమున సాతారామండలమున ‘అక్కఱలేనిది’ అను నర్థముగల ‘నకుసా’ యను పేరు మోయుచుండిన 280 మందికిఁ బైగా బాలికలకు 2011వ సంవత్సరమున నధికారులు సభచేసి క్రొత్తపేళ్లిడిరి. ఆ పేరు ఆఁడుబిడ్డలకే యిడఁబడినది. అయినను అంతకంటెఁ గ్రూరమైన పేరుండదు. అందు మంగళము లేదు. అట్లే సుందరమైన మగపేరును కొడుకు రాలేదన్న నిట్టూర్పుతో నిడినచో నది మనువు వలదన్న క్రూరార్థమునే గర్భమున మోయును. బిడ్డ పెరిగి ‘నా కీ పే రేల?’ యని యడిగిననాఁడు తలిదండ్రులు తలవంచుకొనకుండఁ జెప్పఁగల సమాధాన ముండవలెను.

దిల్‌సుఖ్‌నగరు, లాల్ బహదూర్ నగరుల మీఁదుగా విజయవాడకుఁ బోవు రాజమార్గమున నల్లగొండమండలపు నకిరేకల్లు కలదు. దాని సమీపమునఁ జందుపట్లగ్రామమందలి 1289నాఁటి శాసనమే రుద్రమదేవి శివలోకప్రాప్తిని మనకుఁ దెలిపినది. ఆ మార్గమునఁ బిల్లలను దీసికొనిపోవు నుపాధ్యాయులు వారి కా ఱాతిని జూపి, పురుషవేషపుఁ గథకు మాఱుగా, కూఁతురని యెఱిఁగియే లోకము మహారాజని పిలిచిన వృత్తాంతమును జెప్పుదురు గాక. నామకరణమునకుఁ గూర్చున్న పండితులును ‘ఇది మగపేరా?’ యని యడుగుటకు ముందు ‘ఈ పేరు బిడ్డ నెక్కడ నిలుపుచున్నది?’ యని యడుగుట మేలు.