అచ్చయినదెల్లా ప్రమాణమేనా?

వనపర్తి, నాగర్‌కర్నూలు పట్టణాలకు 2022లోను, గద్వాలకు 2024లోను ప్రభుత్వ వైద్యకళాశాలలు వచ్చినవి. ఇది హర్షించదగిన విషయమే. అయితే కళాశాల గ్రంథాలయంలో పుస్తకాలెన్ని అని లెక్కించడం సులభం. అక్కడి విద్యార్థికి ఒక పరిశోధనవ్యాసాన్ని వెదకి తీసి, దాని విలువ కట్టడం వచ్చునా అన్నదే అసలు ప్రశ్న. వైద్యుడు జీవితాంతం నేర్చుకొనేవాడు కావలెనని 2019 నాటి పాఠ్యప్రణాళిక చెప్పింది. కంఠస్థానికే మార్కులు దక్కినంతకాలం ఆ ఆశయం కాగితంమీదనే నిలుస్తుంది.

అచ్చయినదెల్లా ప్రమాణం కాదనడానికి దృష్టాంతం కోసం దూరం పోనక్కరలేదు. ఈ మూడు ఊళ్లు నిజాం రాజ్యంలో ఉన్న రోజులలో, క్లోరోఫారం ఇచ్చిన రోగులు కొందరు హఠాత్తుగా మరణించడం వైద్యలోకాన్ని కలవరపెట్టింది. ప్రమాదం శ్వాసకే గాని గుండెకు కాదని హైదరాబాదు రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ నమ్మాడు. ఎడింబరోలో ఆయన గురువు సైమ్ బోధించినదీ అదే. 1888లో ఒక సంఘం కుక్కలపై ప్రయోగాలు చేసి ఆ మాటనే నిర్ధారించింది. ‘లాన్సెట్’ పత్రిక సందేహించింది. అప్పుడు ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ధనమివ్వగా, లండను నుండి లాడర్ బ్రంటన్ 1889లో వచ్చి రెండవ సంఘంలో చేరాడు. వందలాది జంతువులను పరీక్షించారు. తీర్పు మారలేదు.

ఈ నివేదికను విద్యార్థి చేతికిచ్చి మూడు ప్రశ్నలు వేయించవచ్చు. పరీక్ష ఎవరిమీద జరిగింది? జంతువులమీద, కత్తికి భయపడుతూ బల్లమీద పడుకున్న మనిషిమీద కాదు. మోతాదు ఎంత? ప్రాణం పోయేటంతగా ఇచ్చి, ముందు ఏది ఆగునో చూశారు. రోగులలో పలువురు మత్తు పూర్తిగా ఎక్కకముందే మరణించారు. పరీక్షకుడు ఫలితాన్ని ముందే నమ్మి ఉన్నాడా? ఉన్నాడు. క్లోరోఫారం స్వల్పంగా ఉన్నప్పుడే అడ్రినలిన్ తోడైతే గుండె లయ తప్పి, కంపించి ఆగిపోగలదని 1911లో గుడ్‌మన్ లెవీ పిల్లులపై ప్రయోగాలతో చూపాడు. శ్వాసను కనిపెట్టమన్న సంఘం సలహా మంచిదే. శ్వాసను మాత్రమే కనిపెట్టమనడంలో ఉన్నది దోషం. ప్రయోగాల సంఖ్య పెరిగినంత మాత్రాన ప్రశ్నలోని లోపం తీరలేదు.

ఇది పాతకథ అని తీసివేయరాదు. పురుగుమందు విషమెక్కిన రోగికి ప్రాలిడాక్సిమ్‌ను ఎడతెగకుండా అధిక మోతాదులో ఇస్తే మేలని 2006లో బారామతి పరిశోధన చెప్పింది. 2009లో వెలువడిన శ్రీలంక పరిశోధనలో ప్రయోజనం కనిపించలేదు. పత్తిచేల నడుమ పనిచేయబోయే వైద్యుడు ఏది నమ్మవలె? రోగుల పరిస్థితి, మందు మోతాదు, విషం రకం పోల్చి చూడనిదే సమాధానం దొరకదు. వెదకడానికి పబ్‌మెడ్ అందరికీ ఉచితమే. ఇక కావలసినది వార్డులో పుట్టిన సందేహాన్ని గ్రంథాలయానికి తీసుకుపోయి, తిరిగి రోగి మంచం వద్దకు తెచ్చే అధ్యాపకుడు. ఆ శ్రమకు మార్కులు వేసే పరీక్ష.