లక్ష్మాగౌడ్ కలలు

అధివాస్తవికత 1924లో పారిస్‌లో ప్రకటన రాసుకొని పుట్టిందనీ, అది మనకు దిగుమతి సరుకనీ, అందులో పలాయనం తప్ప వేరేమీ లేదనీ మన అభ్యుదయ విమర్శకుల్లో కొందరి వాదం. ఆ కొలతతో చూస్తే కె. లక్ష్మాగౌడ్ 1970ల నాటి ఎచింగులను తోసిపుచ్చవలసిందే. మనిషీ, మేకా, చెట్టూ ఒకదానిలోకి ఒకటి పాకుతాయి. కామం ముసుగు లేకుండా నిలబడుతుంది.

కాని ఈ వాదం ఆళ్లగడ్డలో చెల్లదు. అక్కడి శిల్పి ఉలికింద సింహపు తలా మనిషి ఒళ్లూ ఒకే రాతిలోంచి లేస్తాయి. దాపునే అహోబిలం. ఆ రూపాన్ని చూసి నంద్యాల రైతెవడూ ఉలిక్కిపడడు.

అయితే శిల్పికి శాస్త్రం కొలతలిస్తుంది, భక్తి అర్థాన్నిస్తుంది. 1940లో మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టి, హైదరాబాదులోనూ, బరోడాలో కె.జి. సుబ్రహ్మణ్యన్ వద్దా చదువుకొన్న గౌడ్‌కు ఆ రెండూ లేవు. ఉన్నదల్లా ఊరి జ్ఞాపకం. పట్టణపు మర్యాద దేన్ని దాచమన్నదో దాన్నే ఆయన లోహపు రేకుపై గీసి ఆమ్లానికి అప్పగించారు. దీన్ని పలాయనమనడం నాకు చేతకాదు.

నా పేచీ వేరు. తర్వాతి రంగుల బొమ్మల్లో ఆ పల్లె స్త్రీపురుషులు చక్కగా అలంకరించుకొని కూర్చున్నారు. (కొనేవారి గోడలకు అవి బాగానే అమరుతాయి.) మేక ఉన్నది, మేకలకాపరి ఆకలి మాత్రం లేదు. ఆమ్లం కొరికిన ఆ నల్లగీతలో అది ఉండేది.