యోబు సహనము: శబ్దవిచారము

యోబు సహన మనుమాట క్రైస్తవలోకమున సామెతవంటిది. యాకోబు తన పత్రిక 5వ యధ్యాయమునఁ గష్టములందు నిలుకడ గలవారికి యోబును మేలుబంతిగాఁ జూపెను. అయినను యోబు గ్రంథమును సాంతముగాఁ జదివినవారికి సందేహ మొకటి కలుగక మానదు. 42 అధ్యాయముల యీ గ్రంథమున యోబు మొదటి రెండధ్యాయములందే శాంతుఁడై యున్నాఁడు. 3వ యధ్యాయమునఁ దాను బుట్టిన దినమును శపించును. అటుపై విలపించును, వాదించును, దైవన్యాయమునే ప్రశ్నించును. ఇట్టివానికి సహనము గలదనుట యెట్లు పొసఁగును?

మొదట శబ్దమును విచారింపవలెను. యాకోబు వాడిన గ్రీకుపదము 'హుపొమొనే'. 'హుపొ' యనఁగాఁ గ్రింద. 'మెనో' యనఁగా నిలిచియుండుట. భారము క్రింద నిలిచియుండుటయే దీని భావము. నోరు మెదపకుండుట గాదు. ఈ పదమునే తెలుఁగు బైబిలు రోమా పత్రిక 5వ యధ్యాయమున 'ఓర్పు' అనియు, యాకోబు పత్రికయందు 'సహనము' అనియు ననువదించినది. సహధాతువునకు లోకమున నోర్చుట యర్థమైనను, వేదమున జయించుట యనియు నర్థము గలదు. కావున సహనమును వట్టి మౌనముగా వ్యాఖ్యానించుట ధాతువునకే యన్యాయము.

రెండవది పురుషవిచారము. ఎలీఫజు, బిల్దదు, జోఫరు అను మిత్రులు దేవునిఁ గూర్చి మిక్కిలి భక్తితోఁ బలుకుదురు. కాని వారి వాక్యములందు దేవుఁ డెల్లప్పుడును బ్రథమపురుషయందే యుండును. వా రాయన నొక్కమాఱైనను సంబోధింపరు. యోబు మాటలు కఠినములే. అయినను 7, 10, 13, 30 అధ్యాయములందు నతఁడు మిత్రులనుండి మరలి దేవునితోనే 'నీవు' అని మాటలాడును. ప్రత్యుత్తరము రాకున్నను మధ్యమపురుషను విడువకుండుటయే యతని ప్రార్థన, అదియే యతని విశ్వాసము.

మూఁడవది పాఠభేదము. 13వ యధ్యాయము 15వ వచనమున హెబ్రీమూలమందు 'లో' యను పదము గలదు. వ్రాఁతలోని యక్షరముల ననుసరించి దానికి 'లేదు' అని యర్థము. పఠనమునకు విధింపఁబడిన పాఠము ననుసరించి 'ఆయనకై' అని యర్థము. ఉచ్చారణము రెంటికి నొక్కటే. మొదటి పాఠమున యోబునకు నిరీక్షణ లేదు. రెండవదానఁ దన్నుఁ జంపినను నాయనకొఱకే నిరీక్షించును. ఏది సాధువో పండితులలో నేకాభిప్రాయము లేదు. అయినను నే పాఠమును గ్రహించినను యోబు తన నడవడి నాయన యెదుటనే సమర్థించుకొన నిశ్చయించును. ఆశ యుడిగినను నతఁ డాయన సన్నిధినుండి తొలఁగలేదు.

నడిమి కావ్యభాగమును విడిచి, మొదటి రెండధ్యాయములను గడపటి దానిని మాత్రమే బోధించుట కొందఱ వాడుక. దానిచేత దుఃఖితుఁడు తన మొఱయే యవిశ్వాస మనుకొని ప్రార్థన మానుకొనును. గ్రంథనిర్ణయము దీనికి విరుద్ధము. 42వ యధ్యాయమున దేవుఁడు ఎలీఫజుతో మిత్రుల పలుకులు యోబు పలుకులవలె యుక్తములు గావనెను. యోబు ఆ మిత్రులకొఱకే ప్రార్థించినప్పు డతని దుఃస్థితి తొలఁగెను. మత్తయి సువార్త 27వ యధ్యాయమున సిలువపైఁ గ్రీస్తు మొఱయుఁ బ్రశ్నయే. అందును సంబోధనమే ముందున్నది. సంబోధన మున్నంతకాలము ప్రార్థన యున్నట్లే.